ల్యాప్‌టాప్ తెర వెలుతురు: కరెంటు పొదుపు ఏర్పాట్లు, వాటి చిక్కులు

ల్యాప్‌టాప్ తెర మనం తాకకుండానే మసకబారడం, అకారణంగా ప్రకాశించడం, మీట ఎంత నొక్కినా కదలకుండా మొండికేయడం – వాడుకలో ఈ మూడింటినీ ‘బ్రైట్‌నెస్ ప్రాబ్లం’ అనే ఒక్క మాటలో చెబుతారు. వీటిలో ఎక్కువ భాగం యంత్రం చెడిపోయి వచ్చేవి కావు. బ్యాటరీని పొదుపుగా వాడటానికి తయారీదారులూ, ఆపరేటింగ్ సిస్టం రాసినవారూ ముందే కొన్ని ఏర్పాట్లు చేసి పెట్టారు. అవి తమ పని తాము చేసుకుపోతాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ క్షణాన కావలసింది వేరొకటి. చిక్కు అక్కడే పుడుతుంది.

ఈ చిక్కులను పెబ్బేరు పరిసరాల నుంచి చూద్దాం. పెబ్బేరు వనపర్తి జిల్లాలో, హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. శనివారం సంతకు, అందులోనూ పశువుల సంతకు ఇది పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం) అంతటా పేరున్న ఊరు. ఇటు వనపర్తి, అటు కృష్ణ దాటితే గద్వాల నడిగడ్డ, తూర్పున నాగర్‌కర్నూలు – ఈ ప్రాంతంలో ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఏసీ గదిలో బల్ల మీద కూర్చుని ఉండదు. రోడ్డువైపు షట్టరు ఎత్తిన మడిగెలో, మీసేవ కౌంటరు మీద, వడ్లు కొనే కేంద్రంలో పరదా కింద, సెలవులకు ఊరికొచ్చిన విద్యార్థి ఒళ్లో, వేపచెట్టు నీడన కూడా పనిచేయాల్సి వస్తుంది. కార్యాలయపు వెలుతురును మనసులో పెట్టుకుని రాసిన పొదుపు సూత్రాలు ఇక్కడి ఎండకూ, ఇక్కడి కరెంటుకూ తగిలినప్పుడు వాటి లోటుపాట్లు బయటపడతాయి.

ఈ వ్యాసమంతటికీ ఆధారమైన సూత్రం ఒకటుంది: తెర ఎప్పుడు మసకబారిందో గమనిస్తే, దాన్ని ఎవరు మసకబార్చారో తెలుస్తుంది. చార్జర్ పీకగానే తగ్గితే ఒకరు, నల్లటి పేజీ తెరవగానే తగ్గితే మరొకరు, మూత కదిపితే తగ్గితే ఇంకొకరు. బాగుచేసే పని సెట్టింగులు తిరగేయడంతో కాదు, ఆ వేళను పట్టుకోవడంతో మొదలుపెట్టాలి.

తెర వెనుక దీపం

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. దాని వెనుక ఒక దీపం ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ కాంతిని ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది. పాత ల్యాప్‌టాపుల్లో ఈ దీపం సన్నటి ఫ్లోరసెంట్ గొట్టం. దాన్ని వెలిగించడానికి వందల వోల్టులు కావాలి కాబట్టి తెర కింది అంచున చిన్న ఇన్వర్టర్ బోర్డు ఉండేది. గొట్టం ముదిరేకొద్దీ తెర ఎర్రబారి, కొద్దిసేపు వెలిగి ఆరిపోయేది. 2010 నాటికి ఎల్‌ఈడీల వరస దాని స్థానంలోకి వచ్చేసింది. ఎల్‌ఈడీతో రెండు లాభాలు: కరెంటు తక్కువ తాగుతుంది, వెలుతురును క్షణంలో ఎంతకంటే అంతకు మార్చవచ్చు. ఆ రెండో లాభమే స్వయంచాలక ఏర్పాట్లకు తలుపు తెరిచింది.

ఎల్‌ఈడీ వెలుతురు తగ్గించడానికి సాధారణంగా వాడే పద్ధతి దాన్ని సెకనుకు వందల సార్లు, కొన్నిట్లో వేల సార్లు ఆర్పి వెలిగించడం. వెలిగి ఉన్న కాలం తగ్గేకొద్దీ కంటికి మసకగా తోస్తుంది. ఈ ఆర్పి వెలిగించే వేగం సెకనుకు రెండు వందల దగ్గర ఉన్న చౌక తెరల్లో, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి గంటల తరబడి పనిచేస్తే కొందరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఫోన్ కెమెరాతో తెరను చూస్తే నల్లటి పట్టీలు పాకుతూ కనిపించడం దీని గుర్తు. కాబట్టి ‘కళ్లకు మంచిది’ అని బ్రైట్‌నెస్‌ను అట్టడుగుకు దించేయడం ప్రతి యంత్రం మీదా మంచి సలహా కాదు.

కంటికి వెలుతురు తోచే తీరు కూడా సూటిగా ఉండదు. 10 శాతం నుంచి 20కి పెంచితే పెద్ద తేడా కనిపిస్తుంది. 80 నుంచి 90కి పెంచితే మారినట్టే తెలియదు. ఈ సంగతిని లెక్కలోకి తీసుకోని సాఫ్ట్‌వేర్‌లో జారుడు మీట కింది కొసన ఒక్క మెట్టు దిగగానే చీకటైపోతుంది, పై సగమంతా దండగగా ఉంటుంది. దీన్ని చూసి ప్యానెల్ పాడైందనుకునేవారున్నారు.

పొదుపు ఆలోచన వచ్చిన దారి

కంప్యూటర్లు ఊరికే వెలుగుతూ కరెంటు కాల్చడం మీద పట్టింపు 1992లో అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ గుర్తు తేవడంతో బలపడింది. ఆ ఏడాదే ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి విద్యుత్ నిర్వహణకు ఏపీఎం అనే ప్రమాణం తెచ్చాయి. 1993లో మానిటరు తనంతట తాను నిద్రపోవడానికి, తెరల ప్రమాణాలు నిర్ణయించే వెసా సంస్థ మరో ప్రమాణం ఇచ్చింది. అసలు మలుపు 1996 డిసెంబరు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా రూపొందించిన ఏసీపీఐ అప్పుడు వచ్చింది. అంతకుముందు దాకా పొదుపు నిర్ణయాలన్నీ బయోస్ (యంత్రాన్ని మొదలుపెట్టే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రాము) చేతిలో ఉండేవి. ఏసీపీఐ ఆ పగ్గాలను ఆపరేటింగ్ సిస్టంకు అప్పగించింది. అయితే పూర్తిగా కాదు. తెర వెలుతురులో ఏయే మెట్లున్నాయి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, ఫలానా మెట్టుకు మార్చు – ఈ మూడు పనులకు బయోస్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంచి, వాటిని ఆపరేటింగ్ సిస్టం పిలిచేలా ఏర్పాటు చేశారు. ఆ ప్రోగ్రాములు రాసేది ల్యాప్‌టాప్ కంపెనీ. అక్కడ ఒక సంఖ్య తప్పు పడితే అది కొన్నవాడి బల్ల మీద బయటపడుతుంది.

చుట్టూ ఉన్న వెలుతురును కొలిచే సెన్సార్ ఖరీదైన యంత్రాల్లో ముందు వచ్చింది. 2003 జనవరిలో వచ్చిన 17 అంగుళాల యాపిల్ పవర్‌బుక్‌లో అది ఉంది. 2009లో విండోస్ 7 దీన్ని ‘అడాప్టివ్ బ్రైట్‌నెస్’ పేరుతో మామూలు వాడకందారుల ముందుకు తెచ్చింది. మనదగ్గర తక్కువ ధరకు అమ్ముడయ్యే ల్యాప్‌టాపుల్లో చాలావాటికి నేటికీ ఈ సెన్సార్ లేదు. సెన్సారే లేని యంత్రంలో ‘ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి’ అన్న సలహా పట్టుకుని గంటలు వెతికినా ఆ మీట దొరకదు. అలాంటి యంత్రంలో వెలుతురు దానంతటదే మారుతోందంటే కారణం వేరే ఉంది.

చార్జర్ పీకినప్పుడు, కరెంటు పోయినప్పుడు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. విండోస్‌లో చాలాకాలం ప్లగ్గు మీద ఉన్నప్పుడు ఒక బ్రైట్‌నెస్, బ్యాటరీ మీద మరొకటి విడివిడిగా గుర్తుండేవి. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు (1903) నుంచి ఈ గెంతు తగ్గించారు. కానీ పాత కూర్పులు నడుస్తున్న యంత్రాల్లో, కంపెనీ సొంత పొదుపు సాఫ్ట్‌వేర్ ఎక్కించిన యంత్రాల్లో అది ఇంకా కనిపిస్తుంది. దీనికి తోడు చాలా కూర్పుల్లో బ్యాటరీ 20 శాతానికి దిగగానే ‘బ్యాటరీ సేవర్’ మేల్కొని, ఉన్న వెలుతురులో దాదాపు 30 శాతం కోస్తుంది. 2024 నాటి విండోస్ 11 కూర్పులో దాని పేరు ‘ఎనర్జీ సేవర్’ అయింది. ఆపాలంటే సెట్టింగుల్లో బ్యాటరీ విభాగంలోకి వెళ్లి, ఆ పొదుపు సమయంలో వెలుతురు తగ్గించమన్న టిక్కు తీసేస్తే చాలు. మిగతా పొదుపు అలాగే సాగుతుంది.

ముదిరిన బ్యాటరీతో ఈ ఏర్పాటు తికమక పెడుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల సార్లు చార్జయ్యాక దాని పట్టు తగ్గుతుంది, శాతం లెక్క కూడా తప్పుతుంది. తెర మీద 40 అని చూపిస్తూనే ఒక్కసారిగా 15కి పడిపోతుంది, పొదుపు మేల్కొంటుంది, తెర మసకబారుతుంది. మళ్లీ లెక్క సర్దుకుంటే తెర తేటపడుతుంది. చూసేవారికి తెర ఊగిసలాడినట్టుంటుంది. దోషం మాత్రం బ్యాటరీది.

ఇక పల్లెలో బలంగా నాటుకున్న ఒక నమ్మకం: లో ఓల్టేజీ వల్ల తెర మసకబారుతుందని. బావి మోటార్లు ఒక్కసారిగా ఎత్తుకున్నప్పుడు ఇంట్లో బల్బు గుడ్డిగా మారడం అందరూ చూసిందే. పాత బల్బుకు అది నిజం. ల్యాప్‌టాప్ అడాప్టర్ మాత్రం 100 నుంచి 240 వోల్టుల దాకా ఎంత వచ్చినా తీసుకుని, తన వైపు నుంచి 19 లేదా 20 వోల్టులే ఇస్తుంది. సప్లై 170కి పడిపోయినా తెరకు తెలియదు. తెలిసేదల్లా కరెంటు పూర్తిగా తెగినప్పుడే. అదీ ఎంతసేపు తెగిందన్నది ముఖ్యం. ఇంటి ఇన్వర్టరును యూపీఎస్ పద్ధతిలో పెడితే మార్పు పది పదిహేను మిల్లీసెకన్లలో అయిపోతుంది. అడాప్టర్‌లోని కెపాసిటర్ అంతసేపు దాన్ని నిలబెడుతుంది. మామూలు పద్ధతిలో పెడితే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ‘చార్జర్ పోయింది’ అనుకుని తెర తగ్గిస్తుంది, వెంటనే ‘వచ్చింది’ అనుకుని పెంచుతుంది. గంటకు నాలుగుసార్లు ఇలా కన్నుకొట్టే తెరకు మందు ల్యాప్‌టాప్‌లో లేదు. ఇన్వర్టర్ వెనుక ఉన్న చిన్న స్విచ్చును యూపీఎస్ వైపు తిప్పడమే. అయితే మార్కెట్లో దొరికే ప్రతి ఇన్వర్టరుకూ ఆ స్విచ్చు ఉండదు.

చార్జర్ పిన్ను వదులైనా ఇదే ఆట. కాస్త కదిలితే తెగుతుంది, మళ్లీ తగులుతుంది. కంపెనీది కాని చార్జర్ తగిలించినప్పుడు కొన్ని ల్యాప్‌టాపులు దాన్ని గుర్తుపట్టక, కరెంటు అందుతున్నా బ్యాటరీని చార్జ్ చేయవు, ప్రాసెసర్‌ను నెమ్మదింపజేస్తాయి, పొదుపు పద్ధతిలోనే ఉండిపోతాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2012–13 నాటి కోతల కాలంలో ల్యాప్‌టాప్ బ్యాటరీ చాలామందికి యూపీఎస్ లాగానే పనిచేసింది. ‘పవర్ సేవర్’ ప్లాను పెట్టుకోవడం అప్పుడు తెలివైన పనే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. కోతలు తగ్గాయి గానీ, అప్పుడు నేర్చుకున్న అలవాటు మాత్రం కొత్త యంత్రాల్లోకీ వచ్చేసింది. రోజంతా ప్లగ్గు మీదే ఉండే దుకాణం ల్యాప్‌టాప్‌ను కూడా పవర్ సేవర్‌లో ఉంచి, తెర సరిగా కనపడటం లేదని తిట్టుకునేవారు తక్కువేమీ కాదు.

మడిగెలో సెన్సార్ ఎటు చూస్తుంది

వెలుతురు సెన్సార్ సాధారణంగా కెమెరా పక్కన, తెర పై అంచున ఉంటుంది. అంటే అది వాడే మనిషి ముఖం వైపు చూస్తుంది. అది కొలిచేది మనిషి వెనుక నుంచి వచ్చే వెలుతురును. మనిషి కళ్లు చూసేది తెర వెనుక ఉన్న వెలుతురును. ఈ రెండూ ఒకటే అయితే ఇబ్బంది లేదు.

రోడ్డు పక్క మడిగెను తీసుకోండి. మూడు వైపులా గోడలు, ముందు షట్టరు. దుకాణదారు రోడ్డుకు ఎదురుగా, వచ్చే గిరాకీని చూస్తూ కూర్చుంటాడు. ల్యాప్‌టాప్ అతని ముందు కౌంటరు మీద, వీపు రోడ్డుకు పెట్టి ఉంటుంది. అతని కళ్లకు తెర వెనకాల మిట్టమధ్యాహ్నపు తారు రోడ్డు ధగధగలాడుతూ కనిపిస్తుంది. సెన్సార్‌కు కనిపించేది మాత్రం వెనుక గోడ, అల్మారా, ఒక ట్యూబులైటు. ‘ఇక్కడ చీకటిగా ఉంది, వెలుతురు తగ్గిద్దాం’ అని అది నిర్ణయిస్తుంది. కంటికి తెర ఎక్కువ వెలగాల్సిన సమయంలోనే మసకబారుతుంది. సెన్సార్ తప్పు కొలవలేదు. కూర్చునే తీరు దాని ఊహకు తిరగబడింది, అంతే. యూరప్ ఆఫీసులో కిటికీ పక్కన బల్ల వేసుకునే పద్ధతికి రాసిన సూత్రం మన మడిగెకు అచ్చంగా అతకదు.

ఇలాంటి చోట చేయాల్సింది సెన్సార్‌ను నమ్మడం మానేయడమే. విండోస్ 10, 11లలో డిస్‌ప్లే సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ మీట కిందే, వెలుతురు మారినప్పుడు దానంతటదే మారమన్న టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయాలి. మాక్‌లో డిస్‌ప్లే విభాగంలోనే అలాంటి మీట ఉంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కొద్దిగా తగ్గించే మరో మీట బ్యాటరీ విభాగంలో వేరుగా ఉంటుంది. ఒకటి ఆపి రెండోది మరిచిపోవడం మామూలే.

సెన్సార్‌కు ఎదురయ్యే చిన్న చిన్న మోసాలు ఇంకా ఉన్నాయి. సీలింగు ఫ్యాను ట్యూబులైటుకు అడ్డంగా తిరిగితే రెక్కల నీడ తెర మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్ మార్పులను నిదానంగా తీసుకునేలా రాసి ఉంటే సరే, లేకపోతే తెర వెలుతురు ఊగుతుంది. తెర పై అంచున అంటించిన స్టిక్కరు, సంత రోజు లేచే దుమ్ము పొర కూడా సెన్సార్‌ను గుడ్డిదాన్ని చేస్తాయి.

కొత్త ల్యాప్‌టాపుల్లో మరో మెట్టు ఎక్కారు. మనిషి ఎదురుగా ఉన్నాడా, తెర వైపు చూస్తున్నాడా అని కనిపెట్టే సెన్సార్ వస్తోంది. దాని సాయంతో, ముఖం పక్కకు తిప్పితే తెరను మసకబార్చే ఏర్పాటు విండోస్ 11లో ఉంది. ఒంటరిగా పనిచేసుకునేవారికి ఇది నచ్చవచ్చు. కౌంటరు అవతల నిలబడ్డ రైతుతో మాట్లాడుతూ, మధ్యమధ్య తెర చూసే మీసేవ ఆపరేటరుకు మాత్రం ఇది తలనొప్పే.

ఆరుబయట: లెక్కకు లొంగని ఎండ

పెబ్బేరు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి పక్షంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. నేరుగా పడే ఎండ లక్ష లక్సుల (ఒక చోట పడే కాంతి కొలత) దాకా ఉంటుంది. చెట్టు నీడలో కూడా పది వేలకు తక్కువ ఉండకపోవచ్చు. గదిలో ట్యూబులైటు కింద ఉండేది రెండు మూడు వందలే.

మామూలు ల్యాప్‌టాప్ తెర పూర్తి వెలుతురు 220 నుంచి 250 నిట్స్ (తెర వెలుగు కొలత) దగ్గర ఉంటుంది. మెరుపులేని తెర తన మీద పడ్డ కాంతిలో రెండు శాతాన్ని చెదరగొడుతుందనుకుందాం. గదిలో ఆ చెదిరిన కాంతి రెండు నిట్స్ మాత్రమే, లెక్కలోకి రాదు. నీడలో పది వేల లక్సుల దగ్గర అది 64 నిట్స్ అవుతుంది. అప్పుడు తెలుపుకూ నలుపుకూ తేడా అయిదు రెట్లకు పడిపోతుంది, కష్టపడితే చదవవచ్చు. నేరుగా ఎండలో ఆ తెల్లటి తెరచాటు 640 నిట్స్‌కు చేరుతుంది. తేడా ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. అక్కడ పొదుపు ఏర్పాట్లన్నీ ఆపేసి, మీటను పైకొసకు నెట్టినా అక్షరం కనపడదు. అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు, పదార్థ ధర్మం.

ఈ గోడను పక్క దారిన దాటినవారు ఉన్నారు. 2007లో పిల్లల కోసం వచ్చిన ‘వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్’ వారి ఎక్స్‌ఓ–1 యంత్రానికి మేరీ లూ జెప్సెన్ రూపొందించిన తెర, వెనుక దీపం ఆర్పేసినా ఎండ వెలుతురునే తిప్పి పంపి నలుపు తెలుపుల్లో చక్కగా కనపడేది. మనదేశంలో ఆ యంత్రాలు ముందుగా వెళ్లింది మహారాష్ట్రలోని ఖైరాత్ అనే చిన్న ఊరి బడికి. ఎండ పెరిగేకొద్దీ ఇంకా తేటగా కనపడే తెర అది. మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయింది. పొలం గట్టున లెక్క రాసుకునే పనికి ఇంతకంటే తగిన తెర ల్యాప్‌టాపుల్లో ఇంతవరకు రాలేదన్నది నా అభిప్రాయం.

ఎండకు తోడు వేడి. మే నెలలో 42 డిగ్రీలు దాటే చోట యంత్రం లోపలి వేడి పెరిగి, తనను తాను కాపాడుకోవడానికి పనివేగం తగ్గిస్తుంది. మరీ ప్రకాశవంతమైన కొన్ని ఖరీదైన తెరలు వేడెక్కితే వెలుతురును కూడా తామే తగ్గించుకుంటాయి. పరదా కింద కూర్చున్నా, యంత్రం అడుగున గాలి ఆడేలా చూసుకోవాలి.

బొమ్మను బట్టి మారే వెలుతురు, తెలుగు అక్షరాలు

సెన్సార్ లేదు, చార్జర్ కదలలేదు, అయినా తెల్లటి పేజీ నుంచి నల్లటి పేజీకి మారగానే తెర మెల్లగా జారిపోతుంది. రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ లేస్తుంది. చాలామంది ప్యానెల్ పోతోందని భయపడేది దీనికే. నిజానికి ఇది గ్రాఫిక్స్ డ్రైవరు చేసే గారడీ. తెర మీది బొమ్మలో చీకటి ఎక్కువుంటే, వెనుక దీపాన్ని తగ్గించి, బొమ్మలోని రంగులను ఆ మేరకు పెంచుతుంది. చూపుకు తేడా తెలియకుండా కరెంటు మిగలాలని ఎత్తుగడ. ఇంటెల్ దీన్ని డిస్‌ప్లే పవర్ సేవింగ్ టెక్నాలజీ అంటుంది, ఏఎండీ వారి పేరు వారీ–బ్రైట్. విండోస్ కూడా 11 నుంచి బొమ్మను బట్టి వెలుతురు మార్చే ఏర్పాటును డిస్‌ప్లే సెట్టింగుల్లోనే పెట్టింది: ఎప్పుడూ వద్దు, ఎప్పుడూ కావాలి, బ్యాటరీ మీదైతేనే కావాలి అని మూడు దారులు.

సినిమా చూసేటప్పుడు ఈ గారడీ చెల్లుతుంది. తెలుగు చదివేటప్పుడు అంతగా చెల్లదు. ద కింద చిన్న గీత పడితే ధ. ప మీది తలకట్టు ఒంటికి అంటుకుంటే వ. ఒత్తులు అసలే పెద్దక్షరం కింద సగం సైజులో వస్తాయి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు గీతలు మరీ సన్నం. విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ కొంత మేలు. సన్న గీతల మీద నలుపు తెలుపుల తేడా కాస్త కరిగినా, పట్టాదారు పేరులో ఒత్తు ఉందో లేదో తెలియక ఆపరేటరు తెరకు ముక్కు ఆనించాల్సి వస్తుంది. భూమి కాగితంలో ఒక ఒత్తు తప్పితే సరిచేయించుకోవడానికి ఎన్ని తిరుగుళ్లో ఆ గడప తొక్కినవారికి తెలుసు. పత్రాల పని చేసే యంత్రంలో ఈ ఏర్పాటు ఆపేసి ఉంచడమే మంచిది. విండోస్ సెట్టింగులో ఆపినా ఆగకపోతే ఇంటెల్ లేదా ఏఎండీ వారి సొంత ప్యానెల్‌లోకి వెళ్లి అక్కడ కూడా ఆపాలి, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు మీటలు.

లినక్స్ వాడేవారికి 2024లో ఇదే చిక్కు కొత్త రూపంలో వచ్చింది. పవర్ ప్రొఫైల్స్ సాఫ్ట్‌వేర్ ఏఎండీ యంత్రాల్లో బ్యాటరీ మీద ఈ పొదుపును తానే మొదలుపెట్టడంతో, రంగులు వెలిసిపోయినట్టున్నాయని పలువురు మొరపెట్టుకున్నారు.

రెండు డ్రైవర్ల మధ్య

మీట నొక్కితే తెర మీద గీత పెరుగుతుంది, వెలుతురు మాత్రం పెరగదు. లినక్స్‌లో ఇది చిరకాలపు ఫిర్యాదు. తెలుగు ముఖతలంతో స్వేచ్ఛ సంస్థ తెచ్చిన డెబియన్ ఆధారిత సిస్టం వాడినవారికీ, సీడాక్ వారి బాస్ అనే లినక్స్ సిస్టం వాడినవారికీ ఇది పరిచయమే. కారణం అధికారం రెండు చోట్ల ఉండటం. బయోస్ ద్వారా వెలుతురు మార్చే ఏసీపీఐ దారి ఒకటి, గ్రాఫిక్స్ చిప్పును నేరుగా అడిగే దారి మరొకటి. ఒకే ఎద్దుకు ఇద్దరు రెండు వైపుల నుంచి పలుపు పట్టి లాగినట్టు ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చి గ్రాఫిక్స్ డ్రైవరు దారినే ప్రధానం చేయడంతో, కంపెనీలు తమ బయోస్‌లోని పాత దారిని సరిగా పరీక్షించడం మానేశాయి. లినక్స్ అప్పటికింకా పాత దారినే నమ్ముతోంది. ఫలితంగా 2013 ప్రాంతంలో కొత్త ల్యాప్‌టాపుల్లో బ్రైట్‌నెస్ మీటలు వరసగా పడకేశాయి. తర్వాతి కెర్నెళ్లు (లినక్స్ మూల ప్రోగ్రాము కూర్పులు) నేరుగా అడిగే దారిని ముందుకు తెచ్చాయి. 2022 చివర వచ్చిన 6.1 కెర్నెల్‌లో ఈ ఎంపిక వ్యవస్థనంతా తిరగరాశారు. ఇప్పటికీ కుదరని యంత్రానికి, బూట్ అయ్యేటప్పుడు ‘ఏసీపీఐ బ్యాక్‌లైట్’ అన్న ఎంపికకు నేటివ్, వెండర్, వీడియో అన్న మూడు విలువలను ఒక్కొక్కటిగా ఇచ్చి చూడటమే దారి.

విండోస్‌లో దీనికి సమానమైన చిక్కు, సిస్టం కొత్తగా ఎక్కించిన రోజు ఎదురవుతుంది. గ్రాఫిక్స్ డ్రైవరు పడకపోతే విండోస్ తన ‘బేసిక్ డిస్‌ప్లే’ డ్రైవరుతో నెట్టుకొస్తుంది. దానికి వెలుతురు మార్చడం రాదు, కాబట్టి మీట కనిపించదు లేదా కదలదు. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటు నుంచి మోడల్ నంబరు ప్రకారం డ్రైవరు తెచ్చి వేస్తే సరిపోతుంది. డెస్క్‌టాప్ మానిటరుకు మీట కనిపించకపోవడం మాత్రం లోపం కాదు. దాని బొత్తాలు దాని ఒంటి మీదే ఉంటాయి.

నిద్ర లేచాక, మళ్లీ మొదలయ్యాక చీకటి తెర కనపడటం ఈ కోవలోదే. లినక్స్‌లో సిస్టం ఆగేటప్పుడు ఉన్న వెలుతురును రాసిపెట్టుకుని, మొదలయ్యేటప్పుడు తిరిగి తెస్తారు. కొన్ని యంత్రాల్లో సున్నా అంటే కనిష్ఠ వెలుతురు, కొన్నిట్లో సున్నా అంటే దీపం పూర్తిగా ఆరడం. అందుకే తిరిగి తెచ్చేటప్పుడు మరీ అడుగుకు పోకుండా ఒక కనీస మెట్టు పెట్టారు.

యంత్రం నిజంగా పాడైతే

పొదుపు ఏర్పాట్లన్నీ ఆపినా మసక పోకపోతే యంత్రాన్ని అనుమానించాలి. మూత వంచేకొద్దీ వెలుతురు మారితే మడత గుండా పోయే సన్నటి కేబుల్ నలిగింది. తెర పూర్తిగా నల్లగా ఉన్నా, సెల్ ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే లోపల బొమ్మ లీలగా కనిపిస్తే, బొమ్మ వస్తోంది, దీపమే లేదు. మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యూజో, దీపపు వరసో పోయి ఉంటుంది. ఈ రెండు లోపాలూ ప్యానెల్ మార్చకుండానే బాగయ్యే అవకాశం ఉన్నవి, కాబట్టి ఈ పరీక్షలు చేయకుండా ‘డిస్‌ప్లే పోయింది’ అన్న మాటకు తలూపకూడదు.

అయస్కాంతం ఇంకో దొంగ. మూత వేశారా లేదా అని కనిపెట్టే సెన్సార్ అయస్కాంతంతో పనిచేస్తుంది. అయస్కాంతపు పట్టీ ఉన్న ఫోను కవరును కీబోర్డు పక్కన పెడితే, మూత వేశారనుకుని యంత్రం తెర ఆర్పేస్తుంది. తీయగానే వెలుగుతుంది.

ఓఎల్‌ఈడీ తెరల దారి వేరు. వాటికి వెనుక దీపం లేదు, చుక్క చుక్కా తానే వెలుగుతుంది. ఒకే బొమ్మ చాలాసేపు కదలకుండా ఉంటే మచ్చ పడకుండా కొన్ని యంత్రాలు వాటిని తామే తగ్గిస్తాయి. అది లోపం కాదు.

మిగిలేదెంత

41 వాట్ గంటల బ్యాటరీ ఉన్న 15.6 అంగుళాల యంత్రాన్ని తీసుకుందాం. తేలిక పనిలో తెర కాక మిగతా భాగాలు 5 వాట్లు, పూర్తి వెలుతురులో తెర 4 వాట్లు తీసుకుంటాయనుకుంటే, నాలుగున్నర గంటలు వస్తుంది. తెరను 2 వాట్లకు తగ్గిస్తే ఆరు గంటలకు కాస్త తక్కువ. గంటకు పైగా లాభమన్నమాట. బస్సులో వనపర్తి నుంచి హైదరాబాద్ వెళ్లే విద్యార్థికి అది విలువైన గంటే. పగటి పనివేళల్లో గోడకు తగిలించి ఉండే యంత్రానికి మాత్రం ఆ రెండు వాట్ల పొదుపు నెలకు అర యూనిట్ దగ్గర తేలుతుంది. అందుకోసం ఆపరేటరు కళ్లు చెడగొట్టుకోవడంలో అర్థం లేదు. ప్లగ్గు మీద ఒక తీరు, బ్యాటరీ మీద ఒక తీరు అన్న విభజనను యంత్రం తెలివికి వదిలేయకుండా మనమే పెట్టుకోవడం మేలు.

ఈ ప్రాంతంలో చాలా ల్యాప్‌టాపులు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వస్తాయి. కొన్నిట్లో అసలు ప్యానెల్ మార్చి, అదే కొలతలో దొరికిన మరో ప్యానెల్ వేసి ఉంటారు. ఆ ప్యానెల్ ఆశించే సంకేతం వేరైతే వెలుతురు మెట్లన్నీ పనిచేయవు. పై రెండు మెట్లు ఉంటాయి, కిందవన్నీ చీకటి. కొనేటప్పుడు దుకాణం లోపల ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మం బయట నీడలో ఒకసారి తెర తెరిచి, చార్జర్ పీకి, మీటను కింది నుంచి పైకొసదాకా నడిపించి, మూతను రెండుసార్లు వంచి, నిద్రపుచ్చి లేపి చూడాలి. అయిదు నిమిషాల పని. ఆ తర్వాతే ధర మాట్లాడాలి.